బెగ్గురుల కట్ట

తెల్లారగట్ల బెగ్గురు కొంగలు జంటగా కూస్తాయి. మగది ఒక్కసారి అంటే ఆడది రెండుసార్లు అంటుంది. రెండూ కలిసి ఒకే గొంతయి పెద్దచెరువు దాటి, ఈదులపల్లె దాటి, ములుగు తొవ్వ దాకా వినిపిస్తుంది. ఆ సోమవారం మగది ఒక్కటే అన్నది. కొంచెం ఆగి మళ్లీ అన్నది. ఆడదాని జవాబు రాలేదు.

నీరటి మొగిలయ్య అప్పుడు తూము మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చెరువు నీళ్లు ఏ పొలానికి ఎంతసేపు వదలాలో చూసేది ఊళ్లో నీరటి పని. ఎండాకాలం వదిలేదేమీ ఉండదు. అయినా రోజూ పొద్దున వచ్చి, నీళ్లు ఎన్నో మెట్టు దగ్గరున్నాయో చేత్తో కొలిచి చూడనిదే అతనికి నోట్లో వేపపుల్ల కదలదు. నిన్నటికీ ఇవాళ్టికీ రెండు వేళ్లు తగ్గింది. వైశాఖం ఎండలకు అది మామూలే. చెయ్యి ధోతికి తుడుచుకుని, పార భుజాన వేసుకుని ఎగువకు నడిచాడు.

చెరువు ఎగువ అంచున శికం భూమి. వానాకాలం నీళ్ల కింద ఉంటుంది, ఎండాకాలం తేలుతుంది. అక్కడ మాఘమాసంలో అడవి శాఖ వాళ్లు అడ్డంగా ఒక కట్ట పోయించారు. చెరువు ఇంకిపోయినా ఈ కట్ట వెనక మాత్రం మోకాటిలోతు నీళ్లు నిలవాలని, జిల్లాలో మిగిలిన ఈ ఒక్క జంటా నీళ్లు వెతుక్కుంటూ ఎటో పోయి ఎవరి వలలోనో పడకుండా ఉండాలని. పదిహేను రోజుల పని, పన్నెండుమంది కూలీలు, మేస్త్రీ మొగిలయ్య. కట్ట మీద నడుస్తుంటే కాలి కింది గడ్డిపెల్ల ఏది ఎవరి గంపలోంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పగలడు. ఊరంతా దాన్ని బెగ్గురుల కట్ట అంటారు.

మడుగులో నీళ్లు కల్లుకుండ కడిగినట్టున్నాయి. అంచున నురగ కట్టింది. చిన్న బాతు ఒకటి నీళ్ల మీద ఉంది. ఈదుతున్నట్టే ఉంది గానీ తల నీళ్లలో ఉంది. మొగిలయ్య మట్టిబెడ్డ విసిరాడు. కదలలేదు. గట్టున ఇంకో నాలుగు. వాటిలో ఒకటి బతికే ఉంది. రెక్కలతో నేలను తోసుకుంటూ పోతోంది, కాళ్లు వెనక ఈడ్చుకొస్తున్నాయి.

బెగ్గురులు తుంగ పక్కన ఉన్నాయి. మనిషంత ఎత్తు పక్షులు. బూడిదరంగు ఒళ్లు, ఎర్రటి తల. మగది నిలబడి ఉంది, ఆడది కూర్చుని ఉంది. అది గుడ్ల కాలం కాదు, కూర్చోవలసిన పని లేదు. మెడను సగం దాకా ఎత్తుతుంది, నిద్ర ఆపుకోలేని మనిషిలాగా మెల్లగా దించేస్తుంది. మగది దాని చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, ముక్కుతో వీపు మీద తాకి, మళ్లీ నిలబడింది.

మొగిలయ్య పార మీద చెయ్యి ఆనించి చాలాసేపు చూశాడు. తర్వాత పోయి అడవి శాఖ గార్డు వెంకట్రాజాన్ని లేపాడు.

పదకొండింటికి ములుగు నుంచి జీపు వచ్చింది. రేంజర్ పాండురంగానికి ముప్పై దాటలేదు. ఈ జంట కోసం హైదరాబాద్ దాకా కాగితాలు నడిపి, కట్టను మంజూరు చేయించింది ఆయనే. జీపు దిగి బూట్లతోనే బురదలోకి పోయాడు. చచ్చిన బాతులను ఒకచోటికి తెప్పించాడు. పంతొమ్మిది అయ్యాయి. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, వేలాడే మెడను వేళ్ల మీద పెట్టుకుని చూశాడు. ఆడ బెగ్గురు దిక్కు చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అద్దాలకు ఏమీ అంటలేదు. మొగిలయ్య అది గమనించి పక్కకు తిరిగి నిలబడ్డాడు.

"ఎండ్రిన్," అన్నాడు రేంజర్. "ఎవడో నీళ్లల్ల ఎండ్రిన్ కలిపిండు."

ఆ పురుగులమందు పేరు అన్నాక ఇక ఎవడన్నదే మిగిలింది. ఆ పేరు వెంకట్రాజం నాలుక మీదే ఉంది. కురుమ సిద్దిరాములు. కట్ట పోసిననాటి నుంచి శికంలో గొర్లు మేపవద్దన్నారు. ఎండాకాలం ఊరి గొర్లకు ఆ పచ్చిక ఒక్కటే దిక్కు. హోలీ ముందు సిద్దిరాములు మంద తోలుకొస్తే గార్డు రెండు గొర్లను పట్టుకుపోయి తన గది ముందు కట్టేశాడు. మీ కొంగల మీద మన్నువొయ్య, అవి సస్తెగాని మాకు బతుకులేదని సిద్దిరాములు పదిమంది వింటుండగా అన్నాడు. అన్నది నిజమే. ఆ పదిమందిలో మొగిలయ్య కూడా ఉన్నాడు.

ఇల్లు సోదా చేస్తే అటక మీద ఎండ్రిన్ డబ్బా దొరికింది. మూతి కోసి, తీగతో చెవి కట్టి, ఉన్ని కత్తిరించే కత్తెర దాచుకునే డబ్బా. ఈదులపల్లెలో ఆ డబ్బా లేని ఇల్లు లేదు. మొగిలయ్య ఇంట్లో దాంట్లో ఉప్పు పోసుకుంటారు. వెంకట్రాజం గది ముందు దాంట్లోనే తులసిచెట్టు ఉంది. కానీ సోదా జరిగింది సిద్దిరాములు ఇంట్లో.

అతన్ని తీసుకొచ్చేటప్పటికి మోచేతుల దాకా ఉన్ని అంటుకుని ఉంది. గొర్లను కత్తిరిస్తున్నవాణ్ని మధ్యలో లేపుకొచ్చారు.

"నేను మందు వోస్తే నా గొర్లేం దాగి బతుకుతయ్ సారూ?" అన్నాడు.

"అందుకే గదా, ఇయ్యాల నీ గొర్లు చెరువు దిక్కు రాకుంట ఇంటికాడున్నయ్," అన్నాడు వెంకట్రాజం.

సిద్దిరాములు తన చేతుల మీది ఉన్నిని చూసుకున్నాడు. గార్డు గదిలో కూర్చోబెట్టి బయట గొళ్లెం పెట్టారు. బుధవారం పంచనామా రాసి, అటునుంచి ములుగు ఠాణాకు పంపాలని నిర్ణయమైంది. పంచనామాకు ఇద్దరు సాక్షులు కావాలి. ఒకరు కిరాణా దుకాణం మనిషి. రెండోవాడు మొగిలయ్య అని రేంజరే అన్నాడు. నీళ్ల సంగతి కాబట్టి నీరటి మాటకు బరువుంటుందట. కట్ట మీదే నిలబెట్టి అడిగాడు.

"నువ్వు రోజు ఇక్కడ తిరిగెటోనివి. నిన్న పొద్దుమీకి సిద్దిరాములు ఇటు వచ్చిండా?"

"వచ్చిండు సారు."

"చేతుల డబ్బా ఉండెనా?"

మొగిలయ్య గుర్తు చేసుకున్నాడు. "చెంబు ఉండె."

"చెంబో డబ్బానో, ఏదో ఒకటి ఉండె గదా."

మొగిలయ్య మాట్లాడలేదు. అతను మాట్లాడకపోవడం ఊళ్లో కొత్త కాదు. రేంజర్ దాన్ని అవునని తీసుకున్నాడు. జీపు ఎక్కుతూ, వానాకాలం నుంచి ఈ మడుగుకు ఒక పర్మినెంటు వాచరు వస్తాడని, మొగిలయ్య పేరే రాసి పంపానని చెప్పాడు. అది ఆశ పెట్టినట్టు కాదు, ముందే చేసిన పని చెప్పినట్టు. అందుకే అది మొగిలయ్యకు ఇంకా బరువుగా తాకింది.

పొద్దుమీకాక మొగిలయ్య పెండ్లాం సమ్మమ్మ అతనికి జొన్నగట్క పెట్టి, తాను పీట వాల్చుకుని కూర్చుంది. అప్పుడే సిద్దిరాములు తల్లి రాములవ్వ వచ్చి గడపలో చతికిలబడింది. ఏడుపు మొహం కాదు. చుట్ట ముట్టించుకుంది. గొర్ల సంగతి మాట్లాడింది. సగం కత్తిరించి వదిలేసిన గొర్రె ఒక పక్క బోడిగా, ఒక పక్క ఉన్నితో తిరుగుతోందని, చూస్తే పక్షవాతం వచ్చినట్టుందని చెప్పి తనే నవ్వింది. చుట్ట సగం అయ్యాక అడిగింది.

"మొగిలీ, నువ్వు చూసినవా కొడుకా?"

"చెంబు చూసిన చిన్నమ్మా."

"చెంబుకు గూడ జైలుంటదా?"

మొగిలయ్య చేతిలోని ముద్దను గిన్నెలో పెట్టేశాడు.

"నా కొడుకు నోరు మంచిది గాదు, నాకెరుకే," అంది రాములవ్వ. "నన్నే రోజుకు నాలుగుమాట్ల సావుమంటడు. నేను సచ్చిన్నా?"

చుట్టను గడపకు రాసి ఆర్పి, మిగిలిన ముక్కను కొంగున కట్టుకుని లేచింది. సంతకం పెట్టవద్దని ఒక్కమాటా అనలేదు. ఆమె వీధి మలుపు తిరిగేదాకా సమ్మమ్మ చూసింది. తర్వాత గట్క గిన్నె మీద మూత పెడుతూ, మాఘంలో కట్ట పోసేటప్పుడు తనతో ఏమన్నాడో యాదికుందా అని మొగుణ్ని అడిగింది. మన్ను మోసిన పన్నెండుమందిలో ఆమె ఒకతె.

మొగిలయ్యకు యాదికుంది. చెరువుకైనా కుంటకైనా నీళ్లు వచ్చే దారి ఒకటి, పోయే దారి ఒకటి ఉండాలి. ఈ కట్టకు తూము లేదు. దీనికి తూమేదని వెంకట్రాజాన్ని ఒకనాడు అడిగితే ప్లాన్‌లో లేదన్నాడు. ఆ మాటతో మొగిలయ్య ఊరుకున్నాడు. పొద్దుమీకి ఇంటికొచ్చి పెండ్లానికి మాత్రం చెప్పాడు, ఎండలు ముదిరితే ఇది ముర్గుతదని.

"నాకు జెప్పినవు. గంపలకు జెప్పినవు. రేంజర్ సారుకు జెప్పినవా?"

"ఆయన అడగలే."

"అడగంది ఎవ్వలకేం పెట్టద్దంటవు. మంచిది. రేపటిసంది నేనూ గట్లనే జేస్త. బువ్వ గావాలంటే నోరు తెరిచి అడుగు," అంది సమ్మమ్మ.

మంగళవారం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మొగిలయ్య మడుగు గట్టునే ఉన్నాడు. ముందు విన్నాడు. తుంగలో కప్పలు అరుస్తున్నాయి. నిన్న కూడా అరిచాయి. రెండేండ్ల కింద కాలువలో చేపల కోసం ఎవరో ఎండ్రిన్ పోస్తే గంటలో ఏమైందో అతను చూశాడు. చేపలన్నీ తెల్లటి పొట్టలతో తేలాయి, ఎండ్రికాయలు నీళ్లలోంచి గట్టెక్కి గట్టు మీద చచ్చాయి, కప్పల సద్దు వానలు పడేదాకా లేదు. ఇక్కడ కప్పలు అరుస్తున్నాయి. అంచున తోకకప్పలు గుంపులుగా కదులుతున్నాయి.

ధోతి ఎగగట్టి నీళ్లలో దిగాడు. పైన వేడి, పాదాల దగ్గర ఇంకా వేడి. చెరువులో దిగితే మోకాళ్ల కింద చల్లదనం తగలాలి. తుంగ మొదళ్లలో పెద్ద చేపలు చచ్చి ఉన్నాయి. ఇవాళ్టివీ నిన్నటివీ కావు, వారం పది రోజులవి. ముళ్లు బయటపడ్డాయి. ఒకదాన్ని పుల్లతో తిప్పాడు. కింద తెల్లటి పురుగు లుకలుకలాడుతోంది. రెండు బారల అవతల బాతు శవం. దాన్ని తిప్పాడు. దాని కిందా అదే పురుగు. అతను దూరం జరిగి గట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి సన్నకాళ్ల ఉల్లంకి పిట్ట ఒకటి వచ్చి, తిప్పిన శవం దగ్గర నిలబడి, జొన్నలు ఏరుకున్నట్టు పురుగులను ఏరుకు తిన్నది. తిని ఎగిరిపోయింది. మళ్లీ వచ్చింది.

ఆడ బెగ్గురు కూర్చున్న చోటికి పోయాడు. దాని ముందు బారెడు దూరంలో ఇంకో బాతు, పొట్ట చీల్చి ఉంది. పెద్ద ముక్కు పొడిచిన గుర్తులు.

మగది రెక్కలు విప్పి రెండడుగులు మీదికొచ్చింది. ఆడది మెడ ఎత్తలేదు. కన్ను మీద తెల్లటి పొర పక్క నుంచి వచ్చి కప్పింది, మెల్లగా పోయింది. ముక్కు నీళ్లకు నాలుగు వేళ్ల పైన ఉంది. ఇంకో పూట గడిస్తే ముక్కు నీళ్లలో మునుగుతుంది.

రేంజర్ బాతులను మంచుగడ్డల్లో పెట్టి హైదరాబాద్ పంపడానికి హన్మకొండ పోయాడు. పరీక్ష ఫలితం రావడానికి నెల పడుతుందట. పశువుల డాక్టరు సెలవులో ఉన్నాడు. గట్టున వెంకట్రాజం గొడుగేసుకుని నిలబడి ఉన్నాడు. పైనుంచి ఆర్డర్ లేనిదే ఆ పక్షిని ఎవరూ ముట్టకూడదని అతనికి కాగితం మీద ఉంది.

"సచ్చినంక ముట్టొచ్చునా?" అని అడిగాడు మొగిలయ్య.

వెంకట్రాజం గొడుగును అటు చేతిలోంచి ఇటు చేతిలోకి మార్చుకున్నాడు. మొగిలయ్య ఊళ్లోకి పోయి రాములవ్వ దగ్గర గొంగడి అడిగి తెచ్చాడు. గార్డు అప్పటికి చెరువు అవతలి గట్టు చూడటానికి పోయాడు.

గొంగడి తల మీదుగా కప్పి ఎత్తుకుంటే పక్షి పెనుగులాడలేదు. మనిషంత ఎత్తున్నది చేతుల్లో నెల గొర్రెపిల్లంత బరువుంది. కాళ్లు కట్టెల్లా కాదు, నానిన తాళ్లలా వేలాడాయి. మగది కట్ట దాకా వెంట నడిచి అక్కడ ఆగింది.

ఊళ్లో చల్లటి నీడ రాములవ్వ గొర్లదొడ్డిలోనే ఉంది. గొర్లకు మందు పోసే వెదురు గొట్టం కూడా ఆమె దగ్గరే ఉంది. రాములవ్వ ముసలి మోకాళ్ల మధ్య పక్షిని ఒడిసిపట్టుకుని, మెడను అరచేతుల్లో తడిమింది.

"ఇది ఎండ్రిన్ గాదు," అంది. "మందు గొట్టిన ఆకు తిని నా గొర్లు నాలుగు వోయినయ్. కొయ్యవారి, కాళ్లు గొట్టుకొని, పండ్లు గిట్టకరిచి వోయినయ్. దీని మెడ సూడు, దూదిపోగు లెక్కనే ఉన్నది."

ముక్కు తెరిచి, గాలిపోయే రంధ్రానికి తగలకుండా గొట్టం కొసను గొంతులో ఒక పక్కకు దించి, బావినీళ్లు కొంచెం కొంచెం పోసింది. పోసి, ఆగి, మింగుడు పడిందని గొంతు మీద బొటనవేలితో చూసి, మళ్లీ పోసింది. మధ్య మధ్య పక్షితో, నీకోసమే నా కొడుకును లోపటేసిండ్రు తాగే ముండా, అని మామూలు గొంతుతో అంటోంది. పొద్దుగూకేదాకా ఏడుసార్లు పోసింది. మొగిలయ్య బావి నుంచి నీళ్లు మోశాడు.

బుధవారం పది గంటలకు పంచాయతీ ఆఫీసు వరండాలో బల్ల వేశారు. సిద్దిరాములును తెచ్చి స్తంభం పక్కన కూర్చోబెట్టారు. మూడ్రోజుల గడ్డం, చేతుల మీద ఇంకా ఉన్ని. ఊళ్లో పని లేనివాళ్లంతా వేపచెట్టు కింద చేరారు. రేంజర్ రాత్రి నిద్ర లేనట్టున్నాడు. పక్షిని ఎత్తుకుపోయిన సంగతి గార్డు ఆయనకు చెప్పినట్టే ఉంది, ఆయన ఆ మాట ఎత్తలేదు. పంచనామా చదివి వినిపించాడు. ఆదివారం సాయంత్రం ముద్దాయి మడుగు వైపు చేతిలో డబ్బాతో వెళ్లగా సాక్షులైన పంచులు చూశారనీ, ముద్దాయి ఇంట్లో ఎండ్రిన్ డబ్బా దొరికిందనీ, పక్షులు విషం వల్ల చచ్చాయనీ. కిరాణా మనిషి సంతకం చేసి, గిరాకీ ఉందని వెళ్లిపోయాడు. కలం మొగిలయ్య ముందుకు వచ్చింది.

మొగిలయ్య కలం తీసుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సారూ, ఇంకో ముక్క రాయుండ్రి."

"ఏం ముక్క?"

"కట్ట గట్టింది మొగిలయ్య అని."

రేంజర్ తలెత్తాడు. "దానికీ దీనికీ ఏం సంబంధం?"

మొగిలయ్య చెప్పాడు. అంత పొడుగు మాట అతని నోటి నుంచి ఊరు ఎప్పుడూ వినలేదు.

"కట్టకు తూము వెట్టలే. నీళ్లు కదలక ముర్గినయ్. ముర్గిన నీళ్లల్ల చేప సచ్చింది. చేపకు పురుగు వట్టింది. ఆ కుళ్లు విషం వట్టిన పురుగును బాతు తిన్నది, బాతు సచ్చింది. బాతుకు పురుగు వట్టింది. దాన్ని బెగ్గురు తిన్నది. మందు వోసిన నీళ్లల్ల కప్ప అరువది సారూ. రండ్రి, కప్పలు అరుస్తానయ్. తూము లేకుంటే ముర్గుతదని నాకు మాఘంలనే ఎరుక. గట్టిన. అందుకు నా పేరు రాయుండ్రి. వాని పేరు రాస్తే నేను సంతకం వెట్ట."

వేపచెట్టు కింద ఎవరో దగ్గారు. సిద్దిరాములు మొగిలయ్యను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"మాఘంల ఎరుకైతే మాఘంలనే ఎందుకు చెప్పలే?" అన్నాడు రేంజర్. కోపంగా అనలేదు.

"మీరు అడగలే. నేను చెప్పలే."

రేంజర్ కలం మూత పెట్టాడు. మళ్లీ తీశాడు. కట్ట ప్లాన్ గీసింది ఆయన. దాని మీద పై అధికారి సంతకం ఉంది, అంతకంటే పై అధికారి ముద్ర ఉంది. మేస్త్రీ పేరు రాస్తే ప్లాన్ గీసినవాడి పేరు దాని వెనకే వస్తుంది. ఆ సంగతి వరండాలో ఆయనకు, మొగిలయ్యకు, బహుశా గార్డుకూ తెలుసు. ఆయన లేచాడు. కప్పలు విని వస్తానన్నాడు.

ఇద్దరే నడిచి పోయారు. రేంజర్ ఈసారి బూట్లు విప్పి దిగాడు. మొగిలయ్య చూపించిన చోటల్లా పుల్లతో తిప్పి చూశాడు. చేప, బాతు, మళ్లీ చేప. నీళ్లలో నిలబడి, వంగి, తన పాదాల దగ్గరి వేడిని చేత్తో చూశాడు. కట్ట తెంపితే మడుగు ఒక్కపూటలో ఖాళీ అవుతుందనీ, మడుగు లేకపోతే ఆ జంట ఇక్కడ ఆగదనీ, జంట లేకపోతే వాచరు ఉద్యోగమూ లేదనీ ఆయనే ఒక్కొక్కటిగా చెప్పాడు. మొగిలయ్య అన్నిటికీ తల ఊపాడు.

"అవి వోతయ్ సారూ. మనం ఆపంగనే గదా గిట్లయింది," అన్నాడు.

రేంజర్ చాలాసేపు మగ బెగ్గురును చూశాడు. అది కట్ట పక్కన, నిన్న ఆగిన చోటే, ఊరి దిక్కు మొహం పెట్టి నిలబడి ఉంది. ఆయన బూట్లు చేత్తో పట్టుకుని జీపు దగ్గరికి నడిచాడు. తెంపమని అనలేదు. తెంపవద్దనీ అనలేదు.

మధ్యాహ్నం సమ్మమ్మ పాత కూలీలను పిలుచుకొచ్చింది. ముందు చచ్చినవాటినన్నిటినీ గంపలకెత్తి, దూరంగా నడుములోతు గుంట తీసి, సున్నం చల్లి పూడ్చారు. తర్వాత మొగిలయ్య కట్ట నడుమ నిలబడి, పారతో గుర్తు గీసి, పై పెల్లను లేపాడు. మాఘంలో ఎంత బిగించి పేర్చాడో అంత కష్టమైంది తీయడం. మోకాటిలోతు తీశాక నీళ్లు సన్నగా వచ్చి, ఒక వేలంత, ఒక చెయ్యంత, ఆ తర్వాత అడిగేది లేకుండా దానంతటదే దారి చేసుకున్నాయి. దుర్వాసన రెండు గంటలు ఉంది. పొద్దుగూకేసరికి మడుగు బురద అయింది. పంచనామా కాగితం ఏమైందో ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రమే వెంకట్రాజం గొళ్లెం తీసి, సిద్దిరాములును ఇంటికి పొమ్మన్నాడు. ఇంటికి పోయి అతను ముందు చేసిన పని, మిగిలిన సగం గొర్రెను కత్తిరించడం.

గురువారం ఆడ బెగ్గురు దొడ్డిలో తనంతట తాను మెడ ఎత్తింది. శుక్రవారం పొద్దున నిలబడింది. కాళ్లు వణికాయి గానీ నిలబడింది, గొట్టం పట్టుకొచ్చిన రాములవ్వ ముంజేతిని రక్తం వచ్చేటట్టు పొడిచింది. ఇగ నాకు దీనితోటి పనిలేదు అంది రాములవ్వ. తడిక తీస్తే అది వీధిలో నుంచే, కుక్కలు దారి ఇస్తుండగా, శికం దాకా నడిచి పోయింది. మగది ఎదురొచ్చింది. రెండూ బురదలో అటూ ఇటూ తిరిగాయి. నీళ్లు లేవు. పొద్దు బారెడెక్కాక పరుగెత్తి, రెక్కలు కొట్టుకుని లేచి, పాకాల చెరువు దిక్కు పోయాయి. సిద్దిరాములు అప్పటికే గొర్లను శికంలోకి తోలాడు. వెంకట్రాజం చూసి పక్కకు పోయాడు.

పదింటికి జీపు వచ్చింది. రేంజర్ ఆకాశం దిక్కు చూసి, పోయినయా అని అడిగాడు. పోయినయన్నాడు మొగిలయ్య. రెండూనా అని అడిగాడు. రెండూ. ఆయన నీళ్లు వచ్చే దారి, పోయే దారి ఎక్కడ పెట్టాలో చూపించమన్నాడు. మొగిలయ్య పుల్లతో నేల మీద గీశాడు. రేంజర్ పక్కన గొంతుక్కూర్చుని చిన్న పుస్తకంలో దించుకున్నాడు. పైపు ఎంత వెడల్పు ఉండాలని అడిగితే మొగిలయ్య రెండు చేతులతో చూపించాడు. దాన్నీ రాసుకున్నాడు.

తర్వాత సంచిలోంచి ఒక కాగితం తీశాడు. సర్కారు కట్ట తెగింది కాబట్టి ఎట్లా తెగిందో రాయాలి, ఇద్దరు సంతకాలు పెట్టాలి. చదివాడు. బుధవారం మధ్యాహ్నం ఈదులపల్లె శివారులో కురిసిన అకాల భారీ వర్షానికి కట్ట నడుమ కోతపడి తెగిపోయిందని.

మొగిలయ్య చివరిదాకా విన్నాడు.

"దాంట్ల ఎవ్వల పేరన్న ఉన్నదా సారూ?"

"లేదు. వాన ఒక్కటే ఉన్నది."

మొగిలయ్య కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని, మూడో తరగతిలో నేర్చిన అక్షరాలతో, కొమ్ములూ దీర్ఘాలూ తప్పకుండా, నిదానంగా సంతకం పెట్టాడు. రెండో సాక్షికి దుకాణం మనిషి ఊళ్లో లేడు. రేంజర్ చుట్టూ చూశాడు. శికంలో గొర్ల దగ్గర నిలబడ్డ సిద్దిరాములు ఒక్కడే కనిపించాడు. పిలిచారు. భుజాన గొంగడితో వచ్చాడు. కాగితంలో ఏముందో వెంకట్రాజం చెప్పాడు. సిద్దిరాములు వేలికి సిరా అద్దుకుని, ఆగి, తలెత్తి చూశాడు. ఎటు చూసినా ఒక్క మబ్బుతునక లేదు. కాళ్ల కింద నేల పర్రెలు విచ్చి ఉంది.

"ఎప్పుడు వడ్డదే కాకా వాన?" అని మొగిలయ్యను అడిగాడు.

"మొన్న," అన్నాడు మొగిలయ్య. "నువ్వు లోపట కూసున్నప్పుడు."

సిద్దిరాములు కొంచెంసేపు మొగిలయ్య మొహం చూశాడు. వంగి, చూపించిన చోట వేలు గట్టిగా అదిమాడు.